రాయప్ప సాక్ష్యం

పోయిన శనివారం ఉదయం ఆరుంబావుకు గుంతకల్లులో ప్యాసింజర్ ఎక్కాను. కుందుర్పి దగ్గర పల్లెలో ఉండే నా స్నేహితుడు రాయప్ప కొడుకు అంతోని సైన్యానికి ఎంపికయ్యాడు. సాయంత్రం వాళ్ల కతోలిక గుడిలో అతని కోసం దివ్యపూజ. రాయప్ప, నేను ఒకే పటాలంలో పదిహేనేళ్లు పనిచేశాం. తర్వాత నేను రైల్వేలో చేరాను, అతను తన మెట్టచేనికి తిరిగి వెళ్లాడు. ఇరవై రెండేళ్ల క్రితం సరిహద్దు కొండల్లో ఎదురుకాల్పుల్లో ఒక శత్రువును చంపినందుకు అతనికి పతకం వచ్చింది. ఆ కథ మా గుడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! కతోలిక సైనికుడంటే రాయప్పలా ఉండాలనేవాణ్ణి.

ఏడున్నరకు అనంతపురంలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, ఎనిమిదిన్నరకు కళ్యాణదుర్గం బస్సెక్కాను. పొద్దుటిపూట వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోవడం మేలు, ఎడమవైపు ఎండ కొడుతుంది. రెండు పక్కలా వాడిపోయిన వేరుశెనగ చేలు, రాళ్లగుట్టలు, వాటిమీద గాలిమరలు. కళ్యాణదుర్గంలో బస్సు మారాక పక్కన కూర్చున్న ఒక గొర్రెలకాపరి అవ్వ పలకరించింది.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

చెప్పాను.

"మిలిట్రీకా? పోనీలే. వానల్లేని చోట పిల్లోళ్లు ఈడుండి ఏం చేస్తారు?" అంది.

పన్నెండున్నరకు కుందుర్పిలో రాయప్ప బండిమీద ఎదురొచ్చాడు. ఇంట్లో సంగటి, కోడికూర పెట్టారు. నాకు వడ్డించాడు గానీ తాను ముట్టలేదు. ఉపవాసమేమో అనుకున్నాను.

నాలుగింటికి పూజ మొదలైంది. చిన్న రేకుల గుడి, నిండా జనం. దివ్యసత్ప్రసాదం అయ్యాక ఫాదర్ అంతోనిని ముందుకు పిలిచి, "రాయప్పా, నీ పతకం నీ కొడుకు మెడలో నువ్వే వెయ్యి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రాయప్ప చేతిలోని పతకాన్ని పీఠం మీద పెట్టేశాడు.

"వెయ్యను ఫాదర్. ఇది ఎదురుకాల్పుల్లో వచ్చింది కాదు. వాడు తుపాకి కింద పడేసి చేతులెత్తినాడు. మావోడు నా పక్కనే చచ్చి పడుండాడు. ఆ కోపంలో కాల్చేసినా. కాల్చమని నాకెవరూ చెప్పలేదు. పాపసంకీర్తనంలో దేవుని ముందర ఎన్నడో ఒప్పుకున్నా, నా కొడుక్కి మాత్రం చెప్పలేదు."

చప్పట్లు కొట్టినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట తప్పు విన్నానేమో అనుకున్నాను.

అంతోని నావైపు తిరిగాడు. "మామా, నువ్వూ ఆడే ఉంటివి కదా. నిజమేనా?"

"నేను చూడలేదు" అన్నాను.

ఫాదర్ రాయప్ప భుజం మీద చెయ్యి వేశారు. అంతోనితో నెమ్మదిగా అన్నారు: "సైన్యంలో చేరడం పాపం కాదు నాయనా. మనుషుల్ని కాపాడేదానికి తుపాకి పట్టొచ్చు. చేతులెత్తినోణ్ణి చంపితే మాత్రం అది హత్య. ఎవరు ఆజ్ఞ ఇచ్చినా, ఎంత కోపమొచ్చినా అంతే." ఆ తర్వాత దీవించారు. పతకం పీఠం మీదే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి ఎవరూ రాలేదు. రాయప్ప నాతో ఒక్కటే అన్నాడు: "తప్పు చేస్తినేమోరా, అందర్లో చెప్పి."

ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకు అంతోని నన్ను కుందుర్పిలో దింపాడు.

"పోతావా మరి?" అన్నాను.

"పోతా మామా. ఆజ్ఞ ఇచ్చినా అట్లాంటి పని చెయ్యను. కానీ పక్కనోడు చచ్చిపోతే నేనూ నాయన మాదిరి అయిపోతానేమో. రాత్రంతా అదే భయం."

బస్సు కదలబోతుండగా కిందికి దిగేశాను. "అంతోనీ, నేను చూడలేదన్నది నిజమే. కానీ విన్నాను. కాల్పులన్నీ ఆగిపోయాక, చాలాసేపటికి, మీ నాయన ఉన్న వైపు నుంచి ఒక్క తుపాకి పేలింది."

వాడు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అడగలేదా?"

"లేదు."

"ఇరవై రెండేండ్లా మామా?"

కండక్టర్ కేకేస్తే ఎక్కాను. కళ్యాణదుర్గం దాటేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు. పదకొండుకు అనంతపురంలో రైలు దొరికింది. ఆ ఊరికి వెళ్లడం తేలికే, రెండు బస్సులు మారితే చాలు. ఒక వీరుడి ఇంటికని వెళ్లి, ఇన్నేళ్లు నా నోటి నుంచి వచ్చిన కథ అబద్ధమని విని వచ్చాను. తెలియక చెప్పానని అనుకోవడానికి కూడా లేదు.

ఎదురుసీటాయన నా చేతిలోని కొత్త శాలువా చూసి నవ్వాడు. "ఏమన్నా, సన్మానమా?"

శనివారం పూజకు ముందు ఊరివాళ్లు కప్పింది అది, వీరుడి స్నేహితుణ్ణని. దాన్ని మడిచి సంచి అడుక్కి తోశాను.