మేమందరం రాసిన ఒకే పేరు

పెద్దక్క ప్రభువునందు నిద్రించిందని మా ప్రార్థన గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను వార్డులో మందుల ట్రాలీ తోస్తున్నాను. ఊళ్ళో, తమ్ముడి ఇంట్లో, తెల్లవారుజామున పోయిందట. చూస్తుండగానే దాని కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. అంతకాలం ఆవిడ చేతి అన్నం తిన్నదాన్ని, రెండు ముక్కలు రాయడానికి మొహం చెల్లలేదు. ట్రాలీ తోసుకుంటూ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

షార్జాలో మా వైపు నర్సులందరికీ ఆవిడ పెద్దక్క. అసలు పేరుతో పిలిచింది ఆవిడ నర్సుగా చేసిన హాస్పిటల్ వాళ్ళే. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఏ అమ్మాయి కొత్తగా దిగినా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా రోలాలోని ఆవిడ ఫ్లాటుకే రావాలి. అది మాలో ఎవరూ పెట్టని కట్టుబాటు. అద్దెకి ఒక మంచం, అదే బెడ్‌స్పేస్, దొరికేదాకా అక్కడే తిండి, అక్కడే పడక. వేడన్నం, చారు, ఎండునెత్తళ్ళ వేపుడు వడ్డించి, మారు అడిగేదాకా ఎదురుగా నిలబడేది. నేను దిగిన రోజు కంచంలో చెయ్యి పెట్టి ఏడుస్తుంటే, "ముందు తినవే. ఏడవడానికి రెండేళ్ళ కాంట్రాక్టు ఉంది" అంది. ఏడుస్తూనే నవ్వాను.

అలాంటి మనిషి మాట కాదనేదెవరు? ఆ సంగతి పొడి డబ్బాలమ్మే ఒక కంపెనీవాడు బాగా కనిపెట్టాడు. మన తెలుగువాడే. టై కట్టుకుని శుక్రవారం ప్రార్థనకి వచ్చి, వెనక వరసలో బుద్ధిగా కూర్చుని, చివర్లో పెద్దక్కని మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. మరుసటి వారం పొడి డబ్బా తెచ్చిచ్చాడు. నొప్పి తగ్గిందని ఆవిడ నిజంగానే నమ్మింది. డబ్బాలు కొని కంపెనీలో చేరాలి, మన కింద ఇద్దర్ని చేర్పించాలి, వాళ్ళ కింద మరో ఇద్దరు. చేర్చినందుకు కమీషన్. ఆ పొడి తాగినవాళ్ళకంటే మంచాల కింద దాచుకున్నవాళ్ళే ఎక్కువ.

ఆవిడ మమ్మల్ని చేర్చింది. మేము మాత్రం ఊరుకున్నామా, దొరికినవాళ్ళనల్లా చేర్చాం. నేను చేర్చినవాళ్ళలో ఒక రాజోలు పిల్ల ఉంది. అరబ్బుల ఇంట్లో పని. వాళ్ళ మేడం బిడ్డని ఎత్తుకుని మా ఓపీకి వస్తుండేది. తెలుగు మాట వినపడగానే నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలోనే డబ్బా పెట్టాను.

ఏడాది తిరక్కుండానే కంపెనీవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఖలాస్. కంపెనీ రిజిస్టరైంది మన రాష్ట్రంలోనే కాబట్టి అక్కడి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామని ఒక లాయరుగారు ముందుకొచ్చారు. సరుకు వంకతో మనిషి కింద మనిషిని చేర్చుకుంటూ పోయే గొలుసు వ్యాపారాన్ని వినియోగదారుల రక్షణ చట్టం కింద నిషేధించారట. అందరం కలిసి ఫిర్యాదు చేయవచ్చు గానీ, తనని ఎవరు చేర్చారో, తాను ఎవరిని చేర్చిందో ప్రతి ఒక్కరూ ప్రమాణం చేసి రాసివ్వాలన్నారు.

పెద్దక్క ఫ్లాటులోనే కూర్చుని మాట్లాడుకున్నాం. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. "ఆవిడ పేరు ఎలా రాస్తామే, ఆవిడ పెట్టింది తిన్నవాళ్ళం" అంది ఒకామె. పోయింది పోయింది, కేసే వద్దనుకుంటుంటే వంటింట్లోంచి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నా పేరు రాయండే. చేర్చింది నేనేగా, దాచడం దేనికి? మీరు ఊరుకుంటే వాడు ఇంకోచోట ఇంకో పెద్దక్కని పట్టుకుంటాడు."

"నీకు మాటొస్తుందక్కా" అన్నాను.

"రానీ. మీరు చేర్చినవాళ్ళ పేర్లు కూడా రాయండి. వాళ్ళకీ న్యాయం జరగాలిగా."

ఆవిడ పేరు రాయడానికి అడ్డొచ్చింది ప్రేమే, అది అబద్ధం కాదు. మా కింది పేర్లు రాయడానికి అడ్డొచ్చింది మాత్రం ఉత్త పిరికితనం. మనమూ మోసం చేసినవాళ్ళమేనని తేలితే వీసా ఏమవుతుందో, నర్సు లైసెన్సు ఏమవుతుందోనని. నేను ఎవరినీ చేర్చలేదని రాశాను. కాన్సులేట్‌లో ముద్ర వేయించి మరీ పంపాను. మిగతావాళ్ళూ అదే రాశారని తర్వాత తెలిసింది.

పెద్దక్క నన్ను ఒక్కసారే అడిగింది. "నువ్వు చేర్చిన ఆ రాజోలు పిల్ల సంగతేంటే?"

"కేసంటే వాళ్ళ మేడం పనిలోంచి తీసేస్తుందక్కా."

"సరే" అంది. నేను ఆ పిల్లని అసలు అడగనేలేదని ఆవిడకి అర్థమైపోయింది.

విచారణ వీడియోలో జరిగింది. ఆవిడ గంజి పెట్టిన చీర కట్టుకుని, ఫోనుని నీళ్ళ సీసాకి ఆనించి, స్టూలు మీద కూర్చుంది. కంపెనీ లాయరు మా కాగితాలనే మా మీదకి తిప్పాడు. అందరూ రాసింది ఒకే పేరు కాబట్టి మోసం చేసింది ఆ మనిషే, కంపెనీ కాదన్నాడు. కమిషన్ అధ్యక్షులు ఆవిడనే సమాధానం అడిగారు.

"అవునండి, వీళ్ళని నేనే చేర్చాను. కంపెనీవాళ్ళు ఎలా చెప్పమంటే అలా చెప్పాను. నేను చేసింది తప్పే. నాలాంటివాళ్ళని చూసి చేయించడం వాళ్ళ పనండి" అంది. మేమంతా ఫోనుకి కనపడకుండా పక్కనున్న మంచాల మీద కూర్చుని వింటున్నాం. తల కొట్టేసినట్టయింది. అయినా ఒక్కరూ లేవలేదు.

అది గొలుసు వ్యాపారమేనని తీర్పు వచ్చింది. మా డబ్బు మాకు తిరిగి ఇవ్వమన్నారు. కమీషన్ తీసుకుంది కాబట్టి పెద్దక్కకి ఏమీ రాలేదు. మేము పేర్లు దాచిన వాళ్ళకీ రాలేదు. "నా సంగతి సరిగ్గానే చెప్పారు" అని ఆవిడ నవ్వేసింది. ఆ తర్వాత ప్రార్థనలో ఆవిడ పక్క కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. కొత్తగా దిగిన అమ్మాయిలకి, ఆవిడతో జాగ్రత్త, కమీషన్ తిన్నదని కోర్టే అంది, అని చెప్పినవాళ్ళున్నారు. నేను చెప్పలేదు, చెబుతుంటే విని ఊరుకున్నాను. రిటైరై వెళ్ళిపోయేనాడు డ్యూటీ ఉందని చెప్పి ఎయిర్‌పోర్టుకి కూడా వెళ్ళలేదు. ఆ రోజు నాకు డ్యూటీ లేదు.

మొన్న శుక్రవారం రోలాలో ఆవిడ ఉండి వెళ్ళిన ఫ్లాటులోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఎవరు చెప్పారో, ఆ రాజోలు పిల్ల వచ్చింది. అయిపోయాక బాల్కనీలో నా పక్కకి వచ్చి నిలబడింది.

"కేసప్పుడు పెద్దక్కగారు నాకు ఫోన్ చేసేరండి. ‘నిన్ను చేర్చమని ఆ సిస్టర్ని బలవంతం చేసింది నేనేనమ్మా, దాని తప్పేం లేదు, నన్ను క్షమించు’ అన్నారండి."

పెద్దక్క నన్ను బలవంతం చేయలేదు. నేను చేర్చేదాకా అలాంటి పిల్ల ఒకతి ఉందని కూడా ఆవిడకి తెలియదు.

"నేను అప్పుడే క్షమించేసేనండి సిస్టరుగారూ. పెద్దావిడ, అలా అడిగితే ఏడుపొచ్చేసిందండి. మంచి పనే చేసేనంటారా?"

"మంచి పని చేశావమ్మా" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, మేడం రమ్మన్న టైమైందని దిగి వెళ్ళిపోయింది. కింద బస్సు కోసం నిలబడ్డ జనంలో కలిసి, ఒకసారి తలెత్తి, నేనింకా బాల్కనీలోనే ఉన్నానని చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.