శుభ ముహూర్తాన విప్పిన కారు

ఒకే ఒక్క ఆదివారం పొద్దున, అదీ పంతులుగారు పెట్టిన ముహూర్తంలో, నిక్షేపంలా నడుస్తున్న కారునీ, కుదరబోతున్న పెళ్ళినీ, ఉన్న కాస్త పరువునీ విప్పి నేలమీద పరిచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా పాత ఫోటో పంపిస్తాను. అప్పట్లో జుట్టు ఎక్కువ ఉండేది, బుర్ర తక్కువ.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని విమానాల నిండా తెచ్చి సింగపూర్‌లో దించుతున్న రోజులవి. అక్కడ యీషున్ అనే పేటలో వరంగల్ శ్రీధర్‌తో కలిసి ఓ అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఓరోజు సెలూన్‌లో గడ్డం చేయించుకుంటూ పాత పత్రిక తిరగేస్తుంటే హాట్ రాడ్ బొమ్మ కనబడింది. హాట్ రాడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పాత కారు కొని, అనవసరపు బరువంతా పీకేసి, బానెట్ తీసి ఇంజన్ని బయటికి కనబడనిచ్చి, ఒంటినిండా మంటల బొమ్మలు వేసి, వీధి అదిరేలా నడపడం. అదీ సొంత చేతులతో. నాకు ఒళ్ళంతా పులకరించిపోయింది. సగం గడ్డంతోనే లేచి వచ్చేశానని శ్రీధర్ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అబద్ధం, పావువంతే మిగిలింది.

సింగపూర్‌లో కారు కన్నా దాని పర్మిట్ ఖరీదు. పర్మిట్ గడువు తీరితే బండి తుక్కులోకి పోవాల్సిందే. అందుకని గడువు దగ్గరపడిన కార్లు చవగ్గా దొరికేవి. బుద్ధున్నవాడు మొదటి ప్రాజెక్టుకి కారు ఎంచుకునేటప్పుడు ఇంజన్ చూస్తాడు, తుప్పు చూస్తాడు, గడువు చూస్తాడు. నేను నంబరు చూశాను. నాలుగు, నాలుగు, ఒకటి. కూడితే తొమ్మిది. మా ఇంట్లో తొమ్మిదికి మించిన అంకె లేదు. కారు యజమాని ఓ చైనీస్ అంకుల్. వాళ్ళకి నాలుగు అచ్చిరాదు, దీనికేమో రెండు నాలుగులు, ఎవరూ ముట్టుకోవడం లేదని వాపోయాడు. వదిలించుకున్నానని ఆయన, దక్కించుకున్నానని నేను చాలాసేపు చేతులు ఊపుకున్నాం. ఈ ఊళ్ళో కారు జోలికి వెళ్ళాలంటే ప్రతిదానికీ అనుమతి కావాలని శ్రీధర్ గొణిగాడు గానీ, అప్పటికే నా చెవుల్లో ఇంజన్ మోగుతోంది.

తాళం చేతికి రాగానే అమ్మకి ఫోన్ చేసి, బండి పని మొదలెట్టడానికి మంచి రోజు చూడమన్నాను. ఆ పని ఏమిటో చెప్పే ధైర్యం లేదు. మర్నాడు మళ్ళీ చేస్తే, ఆదివారం పొద్దున దివ్యమైన ముహూర్తం ఉందని పంతులుగారు చెప్పారంది.

"ఆ వేళకి ఏ పని తలపెట్టినా అయిపోతుందిట్రా. అందుకని ఇంకో మంచి విషయం కూడా..."

అక్కడ ఫోన్ కార్డు అయిపోయింది. ఆ మంచి విషయమేమిటో కనుక్కోవాలని నాకు తట్టలేదు. స్పానర్లు కొనుక్కునే హడావుడిలో ఉన్నాను మరి.

ఆదివారం కింద కార్ పార్కులో కారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా ముహూర్తానికి మొదటి బోల్టు విప్పాను. శుభకార్యం మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు కదా. బానెట్ వచ్చింది, బంపర్లు వచ్చాయి, సీట్లు వచ్చాయి. సైలెన్సర్‌ని నేను విప్పలేదు, తుప్పు పట్టి అదే చేతిలోకి వచ్చింది. మా అంతస్తులో లిఫ్ట్ ఆగదు. కింది అంతస్తులో దిగి మెట్లమీదుగా అన్నీ మోసుకెళ్ళిన శ్రీధర్ ఆరోజు నన్ను తిట్టిన తిట్లు అచ్చుకి పనికిరావు.

ఆఖరి సీటు హాల్లో దించామో లేదో, తలుపు దగ్గర తెల్లచొక్కా, చేతిలో మిఠాయి పెట్టెతో ఓ పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా సింగపూర్‌లోనే, ఆంగ్ మో కియో అనే పేటలో ఉంటున్నారట; మాట చివర అక్కడివాళ్ళలా 'లా' తగిలించడం కూడా అబ్బింది. అమ్మ చూస్తున్న సంబంధంలో అమ్మాయి వాణికి మేనమామ. అబ్బాయిని చూసి రమ్మంటే, అమ్మ చెప్పిన ముహూర్తానికే ఇంట్లోంచి బయల్దేరి, గుడికీ మిఠాయి కొట్టుకీ వెళ్ళి మరీ వచ్చారు. ఒక్క ముహూర్తం చేతికి దొరికితే అమ్మ దాన్ని ఒక్క పనికే వాడి ఊరుకుంటుందా?

మా ఇంట్లో చాపలు తప్ప కుర్చీల్లేవు. శ్రీధర్ మర్యాదస్తుడు. కారు ముందు సీటు గోడకి ఆనించి ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెచ్చి ముందు పెట్టాడు. ఆయన వెనక్కి వాలి, సోఫా బాగుందని మెచ్చుకున్నారు.

"మా వాణికి కార్లంటే ఇష్టం బాబూ. నువ్వు కారు కొన్నావని మీ అమ్మగారు చెప్పారు. ఈ వయసులో, ఈ ఊళ్ళో కారంటే మాటలా లా. ఏదీ, ఎక్కడుంది?"

"మీరు కూర్చున్నది దానిమీదే అంకుల్."

శ్రీధర్ సాయం చేద్దామనుకున్నాడు. "మీ టీ పెట్టింది గూడ బానెట్ మీదనే అంకుల్."

ఆయన టీ కప్పు ఎత్తి కింద చూశారు. తర్వాత నన్ను చూశారు. భయంతో నాకు మాటలు వరదలా వచ్చేశాయి. హాట్ రాడ్ అంటే ఏమిటో, మంటలు ఏ రంగులో వేస్తానో, పెళ్ళయ్యాక వాణిని అందులో ఎక్కడెక్కడ తిప్పుతానో అంతా చెప్పేశాను. చెబుతున్నకొద్దీ భయం పోయి హుషారొచ్చింది. మిగతాది కూడా చూస్తారా అని అడిగి, జవాబు వినకుండానే కిందికి తీసుకుపోయాను.

సీటు లేదు కాబట్టి బకెట్ బోర్లించి కూర్చుని తాళం తిప్పాను. సైలెన్సర్ లేని ఇంజన్ గొంతు మీరెప్పుడూ విని ఉండరు. పై అంతస్తులన్నిటిలో తలుపులు తెరుచుకున్నాయి. కింద ఎవరో వేలాడదీసిన పంజరంలో పొద్దున్నుంచీ పాడుతున్న పిట్ట పాట మానేసింది. నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత సంతోషం అంతకుముందు ఎరగను. ఆ సంతోషంలో క్లచ్ మీంచి కాలు తీసేశాను. కారు ఒక్క ఎగురు ఎగిరి, బకెట్‌తో సహా నన్ను వెనక్కి పడేసి, చక్రం కింది నిమ్మకాయని చిదిపి, ఆ రసమంతా మేనమామగారి తెల్లచొక్కా మీద చిమ్మి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు. ఆయన రుమాలుతో చొక్కా తుడుచుకుని, నడుచుకుంటూ ట్రైన్ స్టేషన్‌కి వెళ్ళిపోయారు.

అనుమతి లేకుండా విప్పిన బండి ఇక రోడ్డెక్కకూడదన్నారు, ఆ వారంలోనే తుక్కు లారీ వచ్చి కారుని ఎత్తుకుపోయింది. నేను దానికోసం బాధపడుతుండగా ఫోన్ మోగింది. వాణి.

"మామయ్య అంతా చెప్పాడు. నేనొక్కటే అడుగుతాను. విప్పినవన్నీ మళ్ళీ బిగించడం వచ్చా మీకు?"

వచ్చంటే పెళ్ళి నిలబడుతుంది, రాదంటే పోతుంది. కానీ ఎందుకో ఆ గొంతుకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"రాదండీ."

అవతలనుంచి నవ్వు వినబడింది.

"అయితే ఆ సీటు మాత్రం పారేయకండి. వచ్చాక నేను కూర్చోవాలిగా."

ఆ సీటు ఇప్పటికీ మా హాల్లోనే ఉంది. దానిమీద చెయ్యివేసి, చితికిపోయిన ఆ నిమ్మకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎంతటి దివ్యమైన ముహూర్తం ఉన్నా సరే, చక్కగా నడుస్తున్న దేన్నీ ఈ జన్మలో విప్పను. నిన్నట్నుంచీ మా మిక్సీ కొంచెం తేడాగా మోగుతోంది. నేను అటు చూడటం కూడా లేదు. స్క్రూడ్రైవర్ ఎక్కడ దాచిందో వాణి చెప్పటం లేదు.