మానిటర్ ఆపేసిన కంప్యూటర్

1996లో నేను పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటర్లు బాగుచేసే సర్వీస్ ఇంజినీరుని. ఇంజినీరంటే పెద్ద మాట. ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు, పెట్టెడు ఫ్లాపీలు, అంతే నా సరంజామా. మా ఆఫీసు డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక గది. దీవుల్లో ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా ఓడో బస్సో ఎక్కి నేనే వెళ్ళాలి. ఆడపిల్లను పంపారేమిటని మొహం చిట్లించేవాళ్ళు చిట్లించేవారు. నాకు నోరెక్కువ కాబట్టి నెగ్గుకొచ్చాను.

ఆ ఏడు వానలు తగ్గాక మాయాబందర్‌లోని ఒక బడి నుంచి ఫోనొచ్చింది. బడి మొత్తానికి ఉన్నది ఒకటే కంప్యూటర్. పది రోజులుగా తెర వెలగడం లేదట. ఎనిమిదో తరగతి పిల్లలే తోసుకుని పాడుచేశారని ప్రిన్సిపాల్ మేడమ్ వాళ్ళ కంప్యూటర్ క్లాసు ఆపేసి, ఆ గంటలో తోటపని చేయిస్తున్నారట.

తీరా వెళ్తే గది తాళం తీసింది అప్పలనాయుడు మాస్టారు. చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో నాకు లెక్కలు చెప్పినాయన. తర్వాత ఇటు బదిలీ అయ్యారు. ఆయన్ని చూసి నేను పొంగిపోయాను.

"ఏటమ్మా సత్యా, నిన్నే పంపారేటి?" అన్నారాయన. ఆ గొంతులో సంతోషం లేదు. ప్రయాణం బడలికలో నేనది పట్టించుకోలేదు.

కుర్చీలో కూర్చోగానే సన్నగా ఫ్యాన్ చప్పుడు వినబడింది. పాడైందన్న కంప్యూటర్ లోపల నడుస్తూనే ఉంది. చూస్తే మానిటర్ బటన్ ఒక్కటే ఆపేసి ఉంది. నొక్కాను.

తెర మీద ఒక గని. మట్టి తవ్వుకుంటూ పోయే బుల్లి మనిషి, నెత్తిన బండరాళ్ళు, మూలల్లో రత్నాలు. మధ్యలో ఆగిపోయిన ఆట. ఆ గేమ్ నాకూ తెలుసు. ఎక్కడ మట్టి తీస్తే ఏ రాయి దొర్లుతుందో ముందే లెక్క వేసుకోవాలి. వేసుకున్నాక, పురుగులు తరుముతుంటే వేళ్ళు పరుగెత్తించాలి. లెక్క తప్పినా చావే, వేలు తడబడినా చావే. ఒకసారి పట్టుకుంటే మనిషిని వదలదు.

"ఎవరండీ ఈ ఘనుడు?" అని నవ్వుతూ వెనక్కి తిరిగాను. మాస్టారు తలుపు దగ్గరికి వేశారు.

"ఆపేయకమ్మా. నలభయ్యో లెవెల్. ఆపితే మళ్ళీ మొదట్నించీ ఆడాలి. ఓసారి అలాగే కరెంటు పోయి అంతా పోయింది. మళ్ళీ ఇక్కడిదాకా రాడానికి తలప్రాణం తోకకొచ్చింది."

బడి వదిలాక ఆడేవారట. పిల్లలు ముట్టుకుంటే ఆట పోతుందని మానిటర్ ఆపేసి, పాడైందని చెప్పారట. మర్నాటికల్లా ఆ లెవెల్ దాటేద్దామనుకున్నారు, దాటలేకపోయారు. మా దీవుల్లో వింతే గానీ, ఆ పది రోజులూ కరెంటు పెద్దగా పోలేదు. పోయిన కాసేపూ UPS, అంటే కరెంటు లేనప్పుడు బ్యాటరీ మీద నడిపే పెట్టె, లాక్కొచ్చింది.

"మాస్టారూ, లెవెల్ దాటినప్పుడల్లా నాలుగు అక్షరాలు పడతాయి కదా. అది పాస్‌వర్డ్. రాసిపెట్టుకుని మళ్ళీ మొదలెట్టేటప్పుడు కొడితే నేరుగా ఆ లెవెల్‌కే వెళ్తుంది" అన్నాను.

ఆ ఆట ఉన్న ఫ్లాపీ ఎవరో మద్రాసు నుంచి తెచ్చినది. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం దానితో రాలేదు.

"అందుకా అవి? ఏదో మెచ్చుకోలు మాట కాబోలనుకున్నాను."

"ఎవర్నైనా అడగాల్సింది మాస్టారూ."

"ఏటని అడగనమ్మా? ఈ వయసులో ఆటలాడుతున్నానని చెప్పాలి కదా."

తెలియనిది అడగడానికి సిగ్గెందుకని క్లాసులో నన్ను నిలబెట్టి మరీ అడిగించిన మనిషి ఆయన. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. తప్పు ఆయనదే, అయినా సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఇంతలో ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు. నేను చటుక్కున మానిటర్ ఆపి, RAM కదిలిందని చెప్పాను. RAM అంటే లోపల గాడిలో కూర్చునే చిన్న ముక్క. దానంతటదే వదులవుతుంటుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. మాస్టారిని కాపాడేశాననుకున్నాను.

"దేఖా? బచ్చోంనే హీ టేబుల్ హిలాయా హోగా" అన్నారావిడ. పిల్లలే టేబుల్ కదిపేసి ఉంటారట. ఇంకో నెల క్లాసు బంద్ అన్నారు.

మాస్టారు కిటికీలోంచి తోట వైపు చూశారు. పిల్లలు వంగి కలుపు తీస్తున్నారు.

"బచ్చోంనే నహీ మేడమ్. మైనే కియా" అన్నారు. పిల్లలు కాదు, నేనే చేశాను.

ఆవిడతో చెప్పి ఊరుకోలేదు. మట్టి చేతులతో ఉన్న పిల్లల్ని అలాగే పిలిపించి వాళ్ళ ముందూ చెప్పారు. కనీసం ఆ లెవెల్ పూర్తిచేసి అక్షరాలు రాసుకోండని నేను గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. మానిటర్ వెలిగించి, పిల్లలు చూస్తుండగా కంప్యూటర్ స్విచ్ ఆపేశారు.

"అయ్యో సర్, చాలీస్ లెవెల్ ఆపేశారా? మేమింకా దస్ కూడా దాటలేదు" అంది ముందు నిలబడ్డ పిల్ల. ఒక్కరి మొహంలోనూ కోపం లేదు.

"మీ క్లాసు పోయిందర్రా నా వల్ల" అన్నారు మాస్టారు.

ఏడాది తర్వాత పోర్ట్ బ్లెయిర్ బజారులో ఆయన కనబడ్డారు. నన్ను చూసి, చేతిలో సంచి మార్చుకుని, రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయారు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న చెప్పుల షాపులోకి చూస్తూ నిలబడిపోయాను.

ఆనాటి నుంచి ఏ ఆఫీసుకు వెళ్ళినా ఎవరు పాడుచేశారని అడగను. కూర్చోగానే, తెలియక నేను తగలబెట్టిన కంప్యూటర్ల కథలు మొదలుపెడతాను. నాలుగు విన్నాక వాళ్ళూ నవ్వి, ఏం జరిగిందో చెప్పేస్తారు. ఆ రోజు మాస్టారికి అందులో ఒక్కటి చెప్పి ఉన్నా బాగుండేది.