ఆరు పళ్ళ టేప్‌రికార్డరు

ఆ రోజుల్లో ఒక వస్తువు ఇంట్లోకి రావడానికి ముందు, అది లేకుండానే దానితో చాలాకాలం కాపురం చేయవలసి వచ్చేది. ఈమధ్య మా చిన్నమ్మాయి పాటలు కట్టుకోవడానికి కంప్యూటరు, మైకు, చెవులకు తగిలించుకునే పరికరం అన్నింటినీ ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద నుంచి లేవకుండానే ఎంచుకుంది. మంగళవారానికి అవి గుమ్మంలో ఉన్నాయి. నేను మాత్రం ఒక టేప్‌రికార్డరునూ ఒక మైకునూ ఎంచుకోవడంలో పూర్తిగా రెండు సంవత్సరాలు గడిపాను. నిజం చెప్పాలంటే, జహీరాబాదులో నేను గడిపిన కాలమంతటిలోకీ అంత నిండుగా గడిచిన సంవత్సరాలు మరి లేవు.

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. అందువల్ల ఏ పనైనా పద్ధతిగా చేయడం నా బాధ్యత అని నమ్మేవాణ్ణి. ఒక పొడుగు నోటుబుక్కు కొని, దాని మొదటి పేజీలో ‘శబ్దగ్రహణ పరికరముల తులనాత్మక పరిశీలన’ అని ఎర్ర సిరాతో రాసి, రెండు గీతలు గీశాను. (ఆ గీతలు కూడా స్కేలుతోనే గీశాను.) తయారీదారులకు సవినయంగా ఉత్తరాలు రాసేవాణ్ణి. వారు పంపిన రంగుల కాగితాలను చదవడం కన్నా వాసన చూడడం ఎక్కువగా జరిగేది. సాయంత్రం కాగానే బస్టాండు ఎదుట ఉన్న రేడియో దుకాణం అద్దం ముందు నిలబడేవాణ్ణి. దుకాణం యజమాని అయిన పెద్దాయనను అందరూ సేట్ సాబ్ అనేవారు. ఆయన నన్ను ఏనాడూ విసుక్కోలేదు. “చూడు బేటా, జర మంచిగ చూడు. చూస్తె అరగదు,” అని అద్దాన్ని నా కోసం మళ్ళీ ఒకసారి తుడిచేవాడు.

ఆ పరికరం నాకు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. నేను సొంతంగా పది పాటలు కట్టాను. వాటిలో జొన్నచేను మీద పిట్టలు తోలే పాట అంటే నాకు ప్రాణం. హైదరాబాదులో ఒక చిన్న కాసెట్ల కంపెనీకి ఉత్తరం రాస్తే, “శుభ్రంగా రికార్డు చేసిన టేపు తీసుకుని రండి, నచ్చితే నాలుగు పాటలు తీసుకుంటాము” అని కార్డు వచ్చింది. సరిగ్గా అదే వారంలో రాయికోడ్‌లో గుమాస్తాగా చేరమని ఉద్యోగపు ఉత్తర్వు కూడా వచ్చింది. పదిహేను రోజుల గడువు. కంపెనీవారు నా పాటలు తీసుకుంటే ఉద్యోగంలో చేరను, తీసుకోకపోతే చేరతాను అని ఇంట్లో ప్రకటించాను.

బెల్లం వ్యాపారం చేసే మా నాన్న తల ఎత్తకుండానే విన్నాడు. “పాటకు జీతమిస్తరా? ఇచ్చెదాంక ఉద్యోగమే పాట అనుకో,” అన్నాడు. పద్దుల పుస్తకంలో పేజీ తిప్పి, “కొనుడంటవా, అది నీతోని గాదు. మీ మామను తోల్కపో,” అన్నాడు.

మా మేనమామది కోహీర్. ఎద్దుల బేరగాడు. అంగట్లో ఆయన చెయ్యి వేసిన ఎద్దుకు ఇంకొకరు వంక పెట్టేవారు కాదు. నేను నోటుబుక్కుతో, ఆయన భుజం మీది రుమాలుతో సేట్ సాబ్ దుకాణానికి వెళ్ళాము. బల్ల మీద రెండు యంత్రాలు పెట్టారు. ఒకటి రెండు స్పీకర్లతో, వెండి అంచులతో మెరిసిపోతున్నది. రెండోది నల్లగా, పలకలా ఉండి, మైకు తగిలించడానికి వేరే రంధ్రం ఉన్నది. నేను మోటారు నిలకడను గురించి చదవడం మొదలుపెట్టేలోపే మామ రెండింటి వెనక్కూ వెళ్ళి నిలబడ్డాడు.

“ముందట నిలబడి చూసేటోడు మోసపోతడు అల్లుడా,” అన్నాడు. “గీ పెద్దదానికి కొమ్ములు రంగేసి తెచ్చిన్రు. అమ్మెటందుకు చేసిన సోకులు. దమ్ము లేదు.” తరువాత నల్లదాని మూత ఎత్తి, మీటలను ఒక్కొక్కటే నొక్కి లెక్కపెట్టాడు. “ఆరు పండ్లేసింది. మంచి వయసుల ఉన్నది. సేట్ సాబ్, నడిపించున్రి.”

“నడిచేది ఏముంది భాయ్, కూసున్న కాడ్నే పాడ్తది,” అన్నాడు సేట్ సాబ్.

“నాలుగడుగులు ఏస్తెగద కుంటిదో కాదో ఎర్కైతది.”

సేట్ సాబ్ మీట నొక్కాడు. రెండు చక్రాలు తిరగసాగాయి. మామ వంగి, వాటి నడకను చాలాసేపు చూసి, తల ఊపాడు. (నా నోటుబుక్కులో ఇరవై రెండు పేజీల పరిశీలన తరువాత తేలిన యంత్రం కూడా అదే. ఈ సంగతి నేను ఆనాడు ఎవరికీ చెప్పలేదు.) పిమ్మట ఆయన రుమాలు తీసి సేట్ సాబ్ చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకున్నాడు. పశువుల అంగట్లో పక్కవాడికి తెలియకుండా బేరం వేళ్ళతోనే సాగుతుంది. సేట్ సాబ్ మొదట ఉలిక్కిపడ్డాడు. ఆ తరువాత ఆయన ముఖంలో చిన్ననాటి నవ్వు ఒకటి వచ్చింది. “మా తాత గిట్లనే పట్టుకుంటుండె,” అంటూ తానూ వేళ్ళు బిగించాడు. కొనేవాణ్ణి నేనే అయినా, రుమాలు కింద ఏం జరిగిందో నాకు అంతుబట్టలేదు.

“మూడు దినాలు మా ఇంట్ల కట్టేస్కుంట. పని జేస్తె ఉంచుకుంట, పండుకుంటె మళ్ళ తోలుకొస్త,” అన్నాడు మామ. సేట్ సాబ్ ఒప్పుకుని, దానికి తగిన మైకుతోపాటు ఒక ఖాళీ కాసెట్ కూడా చేతిలో పెట్టాడు.

బెల్లం దిమ్మెలు నిల్వ చేసే గదిలో గోనెసంచులు గోడలకు వేలాడదీసి, నేల మీద బొంతలు పరిచి, దానిని స్టూడియోగా మార్చాను. బొంబాయి రోడ్డు మీది లారీల చప్పుడు చాలావరకు ఆగిపోయింది. తేనెటీగలు మాత్రం బెల్లాన్ని వదిలి పోవడానికి ఒప్పుకోలేదు, వాటిని శ్రుతి కింద లెక్కవేసుకున్నాను. నేను అరువు తెచ్చిన హార్మోనియం సవరించుకుంటూ ఉండగా, మామ యంత్రానికి చెవి ఆనించి విన్నాడు.

“కిర్రుమంటున్నది రా. ఇరుసు ఎండింది.”

బండి ఇరుసుకు ఏం చేస్తారో అదే చేశాడు. ఈక ముంచి, మూత కింద తిరిగే భాగాలన్నింటికీ నిండుగా ఆముదం పెట్టాడు. శబ్దం పూర్తిగా ఆగిపోయింది. పట్టభద్రుణ్ణయిన నేను ఆయన ముందుచూపును మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. మూడు రోజులు పాడాను. నాది బొంగురు గొంతు, అయినా ఆ యంత్రం దానిని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి వినిపించింది. మూడో రోజు సాయంత్రం మామ యంత్రం వీపు నిమిరి, “ఉంచుకో అల్లుడా. పండుకునే జాతి గాదు,” అని తీర్పు చెప్పాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాసెట్‌ను రుమాలులో చుట్టుకుని హైదరాబాదు వెళ్ళాను. ఒక మేడ మీది గదిలో కంపెనీ పెద్దమనిషి, కళ్ళజోడు నుదుటికి ఎత్తుకుని, నా కాసెట్‌ను తన పెద్ద యంత్రంలో పెట్టాడు. హార్మోనియం బొమ్మ హార్మోనియంలా పలికింది. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతె, నేను రాసిన మాటలనే, నేను కట్టిన వరసలోనే, పిట్టలను తోలుతూ గలగలా పాడసాగింది. వేరెవరిదో కాసెట్ పెట్టారని చెప్పబోయి, రెండో చరణంలో నా దగ్గు విని ఆగిపోయాను. అది కూడా పాప దగ్గే.

పక్కగదిలో నుంచి ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. పెద్దమనిషి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

“ఎవరండీ ఈ పాప?” అన్నాడు పాట అయ్యాక. “పిల్లల పాటల కాసెట్ ఒకటి చేద్దామని ఆరు నెలలుగా ఇలాంటి గొంతు కోసం వెతుకుతున్నాం. నాలుగు పాటలూ ఈ అమ్మాయి చేతే పాడిద్దాం. వరసలు మీవే. సోమవారం తీసుకురాగలరా?”

నేను రెండేళ్ళు ఎదురుచూసిన మాట అది. ఆ క్షణంలో నా ఎదుట నిజం, అబద్ధం అని రెండు దారులు ఉన్నట్టు కనిపించింది గాని, సోమవారం నాడు రెండోదాని చివర ఎవరిని నిలబెట్టాలో తెలియలేదు.

“అది నేనేనండీ,” అన్నాను.

గుమ్మంలోని ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పెద్దమనిషి నవ్వలేదు. పాడి వినిపించమన్నాడు. రెండు పాదాలు పాడాను. చెయ్యి ఎత్తి ఆపి, నా కోసం టీ తెప్పించాడు. “మీ యంత్రం నెమ్మదిగా తిరుగుతోంది నాయనా. మా దాంట్లో పెడితే పాట పరుగెత్తి, గొంతు సన్నబడింది,” అని ఓపికగా చెప్పాడు.

“అలా పరుగెత్తించే వేయవచ్చు కదండీ?”

“అట్ట మీద ఫొటో వేయాలి. రేపు బడిపిల్లల ముందు పాడమంటారు. అప్పుడు మీరు వెళతారా?” అని, టీ నా వైపు జరిపి, “వరస మాత్రం మంచిది. ఆ పాప ఉంటే ఎంత బాగుండేది,” అన్నాడు. ఆయన గొంతులోనూ నిజమైన బెంగ ఉన్నది.

జహీరాబాదు బస్టాండులో మామ కాచుకుని ఉన్నాడు. జరిగింది విని, ఇంటికి వచ్చి మూత తెరిచాడు. లోపలి రబ్బరు పట్టీ ఆముదంలో నాని జారుతున్నది. “ఎద్దుది తప్పు గాదు అల్లుడా, తోలినోనిది. పద, నేనొస్త, ఆ పెద్దమనిషికి నేను చెప్త,” అన్నాడు. ఏమని చెబుతాడో ఆయనకూ తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. పదిహేనో రోజున రాయికోడ్ వెళ్ళి, ఉద్యోగంలో చేరుతున్నట్టు సంతకం చేశాను.

కాసెట్ మాత్రం నా పెట్టెలోనే ఉండేది. పట్టీ మార్పించలేదు గనక, మా యంత్రంలో పెడితే గుమాస్తా పాడేవాడు, మరొకరి యంత్రంలో పెడితే ఆ పాప పాడేది. అందుచేత టేప్‌రికార్డరు ఉన్న ఇంటికి ఎవరు భోజనానికి పిలిచినా కాదనకుండా వెళ్ళేవాణ్ణి. ఒకసారి మా ఆఫీసరుగారి భార్య పాట అంతా విని, “ఎవరి అమ్మాయి?” అని అడిగింది. హైదరాబాదులో, అంత అవసరం ఉన్న చోట నోటికి రాని అబద్ధం, అక్కడ పప్పన్నం ముందు సునాయాసంగా వచ్చింది. “మా ఇంటి పాపేనండీ. మూడో తరగతి,” అన్నాను. ఆ తరువాత ఎన్ని ఇళ్ళలో, ఎన్నేళ్ళపాటు అడిగినా ఆ మాటే చెప్పాను. ప్రతి ఫైలులోనూ తేదీలు సరిచూసే మనిషిని, ఆ పాప విషయంలో మాత్రం ఆ పని ఎన్నడూ చేయలేదు. పై తరగతికి పంపితే గొంతు మారిపోతుందేమోనని భయం.