మెల్లగా మాస్టారి ప్లేటు

ఆ రోజు తప్పింది ఆయన చెయ్యా, మనసా? ఇన్నేళ్లు గడిచినా అది తేలలేదు.

ల్యాబ్‌లో అందరూ ఆయన్ను మెల్లగా మాస్టారు అనేవారు. బాక్టీరియాను పగలగొట్టి, లోపలున్న బండెడు డీఎన్‌ఏను వదిలేసి, చిన్న ఉంగరంలాంటి డీఎన్‌ఏ ముక్కను, అంటే ప్లాస్మిడ్‌ను, మాత్రం ఏరి తీయడం ఆయన పని. అరచేతంత ప్లేటులో తొంభై ఆరు గుంటలు, అన్నీ ఒకేసారి. పగలగొట్టే మందు పోశాక గట్టిగా కుదిపితే పెద్ద డీఎన్‌ఏ తునకలై ప్లాస్మిడ్‌లో కలిసిపోతుంది. అందుకే కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ "మెల్లగా, మెల్లగా" అని పాఠం చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఆయన చేతిలో పడ్డ గాజు గ్లాసు నెల తిరగదు. ఆ నాజూకంతా పురుగులకేనా అని భార్య దెప్పేది. నిజమే, ఈ జన్మకి తన మర్యాదంతా కంటికి కనిపించని పురుగుల దగ్గరేనని ఆయనా ఒప్పుకునేవాడు.

ఒక ఏడాది ఆ పనే చేసే యంత్రం వచ్చింది. రెండు ప్లేట్లలో అవే నమూనాలు పోసి, ఒకటి ఆయనకు, ఒకటి యంత్రానికి ఇచ్చి చూద్దామంది పెద్ద మేడమ్. యంత్రం నెగ్గితే ఆయన బల్ల దానికి, ఆయన సామాన్ల గదికి. గుర్తు కోసం మొదటి గుంట ఖాళీగా ఉంచారు. యంత్రంలో ప్లేటు పెట్టింది కూడా ఆయనే.

ఆయన ప్లేటులో మొదటి గుంటే ఖాళీగా వచ్చింది. యంత్రం ప్లేటులో చివరి గుంట ఖాళీ, మిగతా నమూనాలన్నీ తారుమారు. దీన్ని నమ్ముకుంటే మునిగినట్టేనని, వెనక్కి పంపేద్దామని మేడమ్ తేల్చేసింది. అందరూ ఆయన భుజం తట్టారు. ఆయన నవ్వాడు గానీ కళ్లు ఆ చివరి గుంట మీదే ఉన్నాయి.

ప్లేటుకు ఒక మూల కోసి ఉంటుంది. అది ఎడమవైపు ఉండాలని ఇరవై రెండేళ్లుగా అందరి చెవులూ ఊదరగొట్టింది ఆయనే. అటుది ఇటు తిప్పి పెడితే మొదటిది చివరిదవుతుంది.

రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి భార్యకు చెప్పాడు.

"కావాలనే పెట్టారా?"

"అంత తెలివి నాకెక్కడిది?"

"తెలివి లేనివాళ్లకు ఇంత బెంగ ఉండదండీ," అంది ఆవిడ.

మూడో రోజు యంత్రాన్ని పెట్టెలోకి ఎక్కిస్తుంటే అడ్డుపడ్డాడు. "దాని తప్పేం లేదు మేడమ్. ప్లేటు తిప్పి పెట్టిన మొనగాణ్ణి నేనే. కళ్లు లేనిదాన్ని ఓడించి భుజం తట్టించుకున్నాను."

మళ్లీ నడిపారు. ఈసారి కోసిన మూలను రెండుసార్లు తడిమి చూసి మరీ పెట్టాడు. యంత్రం ప్లేటును ఎంత మెల్లగా ఊపిందంటే, తన పాఠం ఎక్కడో విని వచ్చిందేమో అనిపించింది ఆయనకు. తీసిన ప్లాస్మిడ్ ఆయన తీసినదానికంటే ఓ పిసరు శుభ్రంగానే ఉంది.

అందరూ తెర మీది అంకెల చుట్టూ మూగారు. ఆయన చేతి తొడుగులు విప్పి, తెల్లకోటు కొక్కేనికి తగిలించి, సొరుగులోంచి అన్నం డబ్బా తీసుకున్నాడు. మాస్టారిని ఏదో అడగబోయి మేడమ్ వెనక్కి తిరిగేసరికి, కొక్కేనికి కోటు ఇంకా కాస్త ఊగుతోంది.