మా మేనకోడలి ఫోన్ ఆట

శ్రావణ మాసం, ఆదివారం, ఉదయం పది గంటలు. స్థలం: నల్గొండలో మా ఇంటి ముందు గది. హాజరు: నేను, నా భార్య, మా చెల్లె, చెల్లె కూతురు, ఆమె దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి.

ఎక్కడ నలుగురు కూర్చున్నా డైరీలో మొదట ఇలా రాసుకోవడం నాకు సర్వీసులో అలవాటై, రిటైరయ్యాక కూడా పోలేదు. మా చెల్లెకు దవాఖానలో మోకాళ్లు చూపించడానికి మా మేనకోడలు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి మా ఇంట్లో దిగింది. అది తెలుసుకుని ఆ అమ్మాయి మిఠాయి డబ్బాతో వచ్చింది. మర్నాటి నుంచి ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరుతోందట. వచ్చీ రాగానే మా మేనకోడలి కాళ్లకు మొక్కి, ఆ తర్వాత నా కాళ్లకు మొక్కింది. ఏడో తరగతిలో ఆమెకు ఇంగ్లీషు చెప్పింది నేను, ఎనిమిదిలో చెప్పింది మా మేనకోడలు. తరగతి వరుస చూసినా, వయసు చూసినా ముందు నాకు రావలసిన మొక్కు అది. పైగా, “మీరు నేర్పినట్లనే రేపు నేను గూడ నేర్పాలె మేడం” అంది. నేను నేర్పినదాంట్లో ఈ పిల్ల దగ్గర ఏమైనా మిగిలిందా అని మనసులో వెతుక్కుంటూ, మిఠాయి నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మా చెల్లె అది కనిపెట్టింది. “ఏందే అన్నా, ఇన్నేండ్లయినా నీ కడుపుమంట సల్లారలేదా?” అంది.

సల్లారలేదు. నాలాగా నల్లబల్ల ముందు నిలబడి జీవితం గడిపినవారు నన్ను అర్థం చేసుకుంటారని రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నా సర్వీసు చివరి రోజుల్లో, మర్రిగూడ వైపు ఒక పల్లె బడిలో పనిచేసేవాడిని. పత్తి చేలు, కంది చేలు, బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. ఏదైనా అడిగితే లేచి నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. వాళ్ల మాట నాకు వినబడేది కాదు కాబట్టి నేను రాయించేవాడిని. పాఠం చదివి, అర్థాలు బల్ల మీద రాసి, ప్రశ్నలకు జవాబులు దిద్దించేవాడిని. ఒక్క ముక్కతో జవాబు ఇస్తే మాత్రం ఒప్పుకునేవాడిని కాదు, పూర్తి వాక్యం కావలసిందే అనేవాడిని. తనిఖీకి వచ్చినవాళ్లు నా పిల్లల నోటుపుస్తకాలు పక్క బడులకు కూడా చూపించేవారు.

అటువంటి బడికి మా మేనకోడలు బదిలీ మీద వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లోనే పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగిన పిల్ల కాబట్టి ఆమె పళ్లూ అలాంటివే, కాని నోరారా నవ్వేది. వచ్చిన వారానికే పిల్లలను జంటలుగా వీపుకు వీపు ఆనించి నేల మీద కూర్చోబెట్టి, చేతికి ఖాళీ సబ్బు డబ్బాలు ఇచ్చి, అవే ఫోన్లని చెప్పింది. ఎదుట ఎవరూ లేరు కాబట్టి చెయ్యి నోటి మీదికి పోవలసిన పని లేదు. ఏం మాట్లాడాలో కూడా వాళ్ల ఇష్టమే. ఒకడు ఇంగ్లీషులో పత్తి గింజల ధర అడిగేవాడు, ఒకతె మేకకు జ్వరమని డాక్టరును పిలిచేది. తప్పు వస్తే ఆమె ఆపేది కాదు, తర్వాత తానే ఒక డబ్బా పట్టుకుని అదే మాట సరిగా అనేది. ఆ గోల గోడ దాటి నా తరగతిలోకి వచ్చేది. నేను ఎండాకాలంలో కూడా ఆ వైపు కిటికీలు మూయించాను. చివరికి నా క్లాసులో ఒకడు లేచి, “సార్, మేం గూడ జర ఫోన్ చేసుకుంటం సార్” అన్నాడు.

ఒకరోజు ఆమె సెలవు పెడితే ఎనిమిదో తరగతి నాకు పడింది. పాఠం తీయబోతే పిల్లలు ఒప్పుకోలేదు. కుర్చీ నల్లబల్ల వైపు తిప్పి కూర్చోబెట్టి, నా చేతికో సబ్బు డబ్బా ఇచ్చారు. నా వెనక కూర్చున్నది ఈ అమ్మాయే. ఏడో తరగతి ఏడాదంతా నా ముందు నోరు విప్పని పిల్ల, డబ్బాలో గట్టిగా అడిగింది: “సార్, ఆర్ యూ యాంగ్రీ విత్ అవర్ మేడం?”

నేను “నో” అన్నాను.

“ఫుల్ సెంటెన్స్ సార్,” అంది.

తరగతంతా నవ్వింది. నేను వెనక్కి తిరగకుండానే, మీ మేడం మీద నాకు కోపం లేదని ఇంగ్లీషులో పూర్తి వాక్యం చెప్పాను. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఆ సాయంత్రం డైరీలో హాజరు మాత్రం రాసి పుస్తకం మూసేశాను.

ఇప్పుడు ఆ పల్లెలకు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. చిన్నపిల్లలు తెల్లటి పళ్లతో, చెయ్యి అడ్డం లేకుండా, ఎదురెదురుగా నిలబడి నవ్వుతారట. ఫోన్ ఆట ఇప్పటికీ ఆడతారు గాని, వీపుకు వీపు ఎందుకు ఆనించవలసి వచ్చిందో వాళ్లకు తెలియదు. వాళ్లకు అది ఉత్త ఆట. అందుకు సంతోషిస్తాను. కాని ఆ ఆట ఈ అమ్మాయిలాంటి వాళ్ల వెంట పెద్ద ఊళ్ల బడుల దాకా పోతున్నప్పుడు, నా అచ్చుగుద్దినట్టుండే నోటుపుస్తకాలన్నీ ఏ పాత కాగితాల బేరగాడి బండిలో పోయాయోనని అనిపిస్తుంది.

సోమవారం ఉదయం దవాఖానకు బయలుదేరుతుండగా మా మేనకోడలి ఫోను మోగింది. ఆ అమ్మాయి తన మొదటి క్లాసు కాసేపు రికార్డు చేసి పంపింది. అందరం చుట్టూ చేరాం. పిల్లలు జంటలుగా వీపులు ఆనించుకునే సందడి వినబడగానే మా మేనకోడలి ముఖం వెలిగింది. నేను గుమ్మం వైపు నడవబోయాను. ఇంతలో ఎవరో పిల్లవాడు “ఎస్” అన్నాడు. వెంటనే ఆ అమ్మాయి గొంతు, “ఫుల్ సెంటెన్స్ చెప్పాలె నాయినా,” అంది.

“మామా, గా మాట మాత్రం నీదే,” అంది మా మేనకోడలు.

చెవికి సరిగా వినబడలేదని చెప్పి, నేను మళ్లీ ఒకసారి పెట్టించుకున్నాను.