గంజి పెట్టిన పువ్వు

మొక్కల చదువుకు కూడా స్కాలర్‌షిప్ ఇస్తారని మా సారు చెప్తే ముందు నేను నమ్మలేదు. వనపర్తిలో బాటనీ చదువుతున్నానంటే మా గద్వాల వీధిలో నవ్వేవాళ్లు. "గడ్డి గురించి చదువుడేందే? మేకలకు తెల్వదా?" అనేవాళ్లు. నవ్వరూ మరి! నేత ఇంటి పిల్ల మగ్గం వదిలి గుట్టల వెంట తిరుగుతుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆ స్కాలర్‌షిప్ వస్తే, అంతరించిపోతున్న మొక్కల మీద పై చదువు. రాకపోతే మగ్గం. నాన్న పోయాక మా ఇంట్లో మూడో దారి లేదు.

ఎంపికకు వెళ్లేవాళ్లు తాము సేకరించిన అరుదైన మొక్కనొకదాన్ని వేరుతో, పువ్వుతో సహా ఎండబెట్టి చూపించాలి. ఉప్పునుంతల దగ్గర ఒక రాళ్లగుట్ట మీద నాకు సన్నటి తీగ దొరికింది. పువ్వు వేలెడంత ఉంటుంది, చిమ్నీ దీపంలా. తొలి వానలకే పూస్తుంది. అక్కడ ఉన్నవే కొన్ని కాబట్టి ఒక్కటే తవ్వి తెచ్చాను. సారు దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాడు. "ఇది మన దిక్కు ఉన్నదని ఎవ్వరు రాయలేదమ్మా" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

తీగను పాత పేపర్ల మధ్య పరిచి మగ్గం పక్కన బండ కింద పెట్టాను. పరీక్షలకు వెళ్తూ, పేపర్లు చెమ్మగిల్లితే పొడివి మార్చమనీ, బండ కింద నుంచి మాత్రం వేరే చోటికి కదిలించొద్దనీ అమ్మకు మరీ మరీ చెప్పాను.

తిరిగొచ్చి పేపర్లు విప్పితే పులిసిన వాసన గుప్పుమంది. పువ్వు ఉండాల్సిన చోట నల్లటి బూజు. ఆకుల నిండా పురుగులు.

"ఏం జేసినవే అమ్మా దీన్ని?"

"గంజి పెట్టిన బిడ్డా" అంది అమ్మ, భయంభయంగా. "ముట్టుకుంటే పొడిపొడి అయితుండె. గంత దూరం పట్కపోతవు, ఇరుగుతదేమోనని కుంచెతోని పల్చగ పెట్టిన."

పడుగు దారానికి గంజి పెట్టకపోతే మగ్గం మీద పోగు నిలవదు. దేనికైనా బలమంటే అమ్మకు గంజే. పడుగైతే ఎండలో ఆరేసేది. పువ్వును నేను కదిలించొద్దన్నాను కదా, మాట జవదాటకుండా తడిగానే మళ్లీ బండ కింద పెట్టింది. బయటేమో వారం నుంచి ముసురు.

"నా బతుకుకే బూజు పట్టిస్తివి గదనే!" అని అరిచాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎవరి మీదో మాత్రం తెలియదు.

ఎంపికలో ఫోన్‌లోని ఫొటో చూపించాను. ఫొటో చాలదన్నారు. నా మొహం చూసి జాలిపడ్డారేమో, నెలాఖరులోపు మొక్క తెస్తే చూస్తామన్నారు. మర్నాడే ఉప్పునుంతల బస్సెక్కాను.

గుట్ట సగం లేదు. ఉన్న సగం మీద తెల్లటి దుమ్ము. కింద కంకర మిషన్ నడుస్తోంది.

"ఏం దేవులాడుతున్నవమ్మా?" అని లారీ పక్కన నిలబడ్డాయన అడిగాడు.

"ఒక తీగ."

"ఇంకేడి తీగ? మొత్తం పేల్చేసిరి. జర దూరం జరుగు, మళ్ల పేలుస్తరు."

చుట్టుపక్కల గుట్టలన్నీ నెలాఖరు దాకా ఎక్కి దిగాను. ఆ తీగ ఎక్కడా లేదు. గడువు దాటిన రోజు బస్టాండులో కూర్చుని, జనం చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇంటికి రాగానే అమ్మ గడపలోనే ఎదురొచ్చింది. "దొరికెనా బిడ్డా?"

గుట్టే పోయిందని చెప్పొచ్చు. చెప్తే, తను గంజి పెట్టింది మిగిలిన ఆ ఒక్క తీగకేనని అమ్మకు తెలిసిపోతుంది. "ఇంకా మళ్ల పూత రాలేదమ్మా" అన్నాను.

ఇప్పుడు మగ్గం మీద నేనే. అమ్మ గంజి ముట్టడం మానేసింది కనుక పడుగుకు గంజి కూడా నేనే పెడతాను. నా పోగు తెగదని వీధిలో పేరు. తొలి వాన పడిందంటే చాలు, అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంటుంది.

"ఈ యేడాదన్న పూసి ఉంటది బిడ్డా. పోయి తెచ్చుకో. ఈసారి నేను ముట్టనే ముట్ట."

"ఇంకా మళ్ల పూత రాలేదమ్మా" అంటాను, కుంచె గంజిలో ముంచుతూ.